గౌలిపుర నుంచి బైరాన్‌పల్లికి

ఆగస్టు 27న పొద్దున్నే గౌలిపురలో బైక్ తీస్తే, పది దాటాక సిద్దిపేట జిల్లా బైరాన్‌పల్లి చేరాం. 1948లో ఇదే రోజున రజాకార్లు, నిజాం పోలీసులు ఈ ఊరి మీద పడ్డారు. ఊరివాళ్లు బురుజెక్కి వడిసెలలు, నాటు తుపాకులతో ఎదురు నిలిచారు. చివరికి దొరికినవాళ్లని దొరికినట్టే చంపేశారు. చనిపోయింది వంద మంది దాకా అంటారు. బురుజు ఇంకా నిలబడే ఉంది. ఏటా ఈ రోజున స్తూపం దగ్గర పూలు పెట్టి వాళ్లని తలుచుకుంటారు.

రాత్రి మా గల్లీ చాయ్ హోటల్లో ఫొటోలు చూపిస్తే, పక్కింటి చాచా చాలాసేపు చూశారు. "మా అబ్బా వాళ్లది గుల్బర్గా వైపు బేటా. దీని తర్వాతి నెలనే..." అని ఆగిపోయారు.

పోలీసు చర్యప్పుడు, ఆ తర్వాత 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని సుందర్‌లాల్ కమిటీ అంచనా. వాళ్లలో అత్యధికులు ముస్లింలు. ఆ నివేదికని దశాబ్దాలపాటు బయటపెట్టలేదు.

హిట్లర్ చంపించిన యూదుల్ని తలుచుకోడానికి ప్రపంచానికి జనవరి 27 ఉంది. బైరాన్‌పల్లికి ఆగస్టు 27 ఉంది. చాచాకి తేదీ లేదు, పూలు పెట్టే చోటూ లేదు.

వచ్చే ఏడు బురుజు దగ్గరికి రమ్మన్నాను.

"వస్తా. తర్వాత నువ్వు నాతో గుల్బర్గా రావాలె" అన్నారు.