గోదారి గట్టు వెనక వీధులు

రాజమండ్రి వెళ్లినవాళ్లు పుష్కరాల రేవులో స్నానం చేసి, గట్టు మీద నిలబడి హేవ్‌లాక్ వంతెన చూసి రైలెక్కేస్తారు. 1900 నుంచి 1997 దాకా రైళ్లను మోసిన ఆ వంతెన చూడదగ్గదే. నేను మాత్రం ఈసారి గట్టు దిగి, సంసారాలుండే వీధుల్లోకి నడిచాను.

వంకాయలవారి వీధిలో కందుకూరి వీరేశలింగంగారి ఇల్లు ఇప్పుడు మ్యూజియం. చుట్టూ మామూలు ఇళ్లే. గుమ్మాల ముందు స్కూటర్లు, డాబాల మీద ఆరేసిన బట్టలు. 1881 డిసెంబరు 11న ఆయన తొలి వితంతు వివాహం జరిపించారు. పోలీసులు, విద్యార్థులు కాపలా కాయాల్సి వచ్చింది. ఊరు ఆయన కుటుంబాన్ని వెలివేసింది. వంటవాళ్లు మానేశారు, నీళ్లు తెచ్చేవాళ్లూ మానేశారు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారే గోదావరికి వెళ్లి బిందెలతో నీళ్లు మోసుకొచ్చారు, పెళ్లివారికి వండిపెట్టారు. నిన్నటిదాకా పలకరించిన ఇరుగుపొరుగు మొహం తిప్పుకుంటుంటే, ఆ వీధుల వెంటే నిండు బిందెతో నడిచిన ఆ తల్లిది ఎంత గుండెదిటవో! సంఘ సంస్కరణలో సగం బరువు మోసింది ఆవిడే అని నా నమ్మకం.

మ్యూజియం నుంచి బయటికొచ్చాక, కాస్త అవతల అరుగు మీద కనకాంబరాలు కడుతున్న పెద్దావిడ పలకరించారు. "మ్యూజియానికొచ్చారాండీ? కాసేపు కూర్చోండి, ఎండగా ఉంది." అరుగు నున్నటి నాపరాయి, అంచులు అరిగి గుండ్రంగా తేలాయి. "మా అత్తగారు కాపురానికొచ్చినప్పుడు ఇది నడుమెత్తు ఉండేదంటండీ. రోడ్డు మీద రోడ్డేసి మోకాలి కిందకి తెచ్చేశారు. వానొస్తే నీళ్లు గుమ్మంలోకే." వీధిలో చాలా అరుగులు ఇప్పటికే పోయాయి, వాటి చోట షట్టర్లు వచ్చాయి. పాత ఇళ్లు కూలకుండానే పాతవీధి పోతుందంటే ఇలాగే.

మళ్లీ గట్టెక్కితే దామెర్ల రామారావు చిత్రశాల. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి వెళ్లి చదువుకుని, తిరిగి సొంతూరికే వచ్చి పిల్లలకు బొమ్మలు నేర్పిన కళాకారుడు. 1925లో, ఇరవై ఎనిమిదేళ్లు నిండకముందే పోయాడు. ఆయన గీసిన 'పుష్పాలంకరణ' ముందు నిలబడితే కదలబుద్ధి కాలేదు.

రాజమండ్రి వెళ్లినప్పుడు ఈ రెండు చోట్లకూ ఒక పూట ఉంచుకోండి. పిల్లల్ని వెంటబెట్టుకెళ్లండి. రాజ్యలక్ష్మమ్మగారి సంగతి వాళ్లకు ఆ వీధిలోనే చెప్పండి.