టెట్‌లో పిల్లి, కుక్క, చింపాంజీ

ఏమండీ, మళ్లీ టెట్ నోటిఫికేషన్ పడిందటగా! పుస్తకాలు దించారా, ఇంకా అటక మీదే ఉన్నాయా? సైకాలజీ బుర్రకెక్కట్లేదని అలా మొహం వేలాడేస్తే ఎలాగండీ? 150 మార్కుల్లో అన్నిటికంటే సరదా అయిన 30 మార్కులు అవే!

అర్హత సంగతి ముందే తేల్చుకోండి. డీఎడ్ వాళ్లది పేపర్-1, బీఎడ్ వాళ్లది పేపర్-2. బీఎడ్‌తో చిన్న తరగతులకు ఎస్జీటీగా వెళ్దామనుకుంటున్నారేమో, 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ దారి మూసేసింది. ఓసీలకు 90, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీలకు 60 వస్తే పాస్. తప్పుకు మార్కు కోయరు. కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదిలారో, నేనూరుకోను!

పాసైనవాళ్లు మళ్లీ ఎందుకు రాస్తారంటారా? టీచర్ పోస్టులు భర్తీ చేసే డీఎస్సీలో టెట్‌కి 20 శాతం వెయిటేజీ ఉంది మరి. అర మార్కు తేడాతో పోస్టు పక్కవాళ్లకి పోతే ఆ బాధ ఎవరికి చెప్పుకుంటాం! అందుకే డీఎస్సీ అన్న మాట వినపడితే చాలు, కోచింగులకు పేరుపడ్డ అవనిగడ్డలో అద్దె గదులకు గిరాకీ. అన్నట్టు, ఇప్పుడు పంతుళ్లకీ తప్పట్లేదు. ఇంకా అయిదేళ్లకు మించి సర్వీసు మిగిలి ఉన్నవాళ్లు రెండేళ్లలో టెట్ పాసవ్వాలని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పొచ్చింది. మీకు ఎక్కాలు నేర్పిన మాస్టారే రేపు మీ పక్క సిస్టమ్ దగ్గర కూర్చోవచ్చు. నమస్కారం పెట్టడం మరిచిపోకండేం!

సరే, సైకాలజీకి వద్దాం. థార్న్‌డైక్ పిల్లిని పెట్టెలో పెట్టాడు. అది గీకింది, దూకింది, చివరికి గడియ తీసుకుని బయటపడింది. అదే యత్నదోష అభ్యసనం. పావ్లోవ్ కుక్క సంగతి మీకు తెలిసిందే. నాకు మాత్రం కోహ్లర్ గారి సుల్తానంటే ప్రాణం. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో టెనెరిఫ్ దీవిలో ఉండేదా చింపాంజీ. పండేమో బోను బయట, కర్రేమో పొట్టి. రెండు కర్రలు ఒకదాన్లో ఒకటి దూర్చి పండు లాగేసుకుంది! అంతర్దృష్టి అభ్యసనమని ఇంక బట్టీ పట్టాలా చెప్పండి?

పియాజె మరీ బాగుంటాడు. రెండు ఒకేలాంటి గ్లాసుల్లో సమంగా నీళ్లు పొయ్యండి. ఒకదాన్లోవి సన్నగా పొడుగ్గా ఉన్న గ్లాసులోకి వంచండి. ఎందులో ఎక్కువున్నాయిరా అంటే, అయిదేళ్లవాడు ఠక్కున పొడుగు గ్లాసు చూపిస్తాడు. వాడింకా పూర్వ ప్రచాలక దశలో ఉన్నాడు, పదిలపరచుకునే భావన రాలేదు. ఎనిమిదేళ్ల అక్క నవ్వుతుంది. ఆ నవ్వే మూర్త ప్రచాలక దశ! ఇంత ముచ్చటైన పాఠాన్ని ఆప్షన్ ఎ, ఆప్షన్ బి అంటూ గైడులో నమలడమేంటండీ?

సాయంత్రం మా బుడ్డోణ్ణి పంపిస్తా. గ్లాసులు కడిగి పెట్టుకోండి. గాజువి మాత్రం వద్దు, వాడు పగలగొడతాడు.