చీపురుకి పోని బూజు
2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్ నగర్‌లోని మా ఇంట్లోకి వచ్చిన నీళ్లు తీసేశాయి. నేల ఆరింది. కొన్నాళ్లకి బీరువా జరిపితే వెనక గోడంతా నల్లటి బూజు. అమ్మకి రాత్రిళ్లు ఆగని దగ్గు.

తెలుగులో సాలెగూడుకీ, దీనికీ ఒకటే మాట. నాన్న చీపురందుకున్నారు. సాలెగూడైతే దులిపితే పోతుంది. దీన్ని పొడిగా దులిపితే కంటికి కనపడని బీజాలు గదంతా లేస్తాయి.

"పండక్కి రంగేయిస్తే సరిపోద్దిరా" అన్నారు. గోడకి పాలిథిన్ కవరు టేపుతో అతికించాను. మర్నాటికి కవరు లోపలివైపు నీటి బొట్లు. గోడ ఇంకా తడే.

నడుం ఎత్తు దాకా ప్లాస్టరింగ్ కొట్టించాం. సంక్రాంతికొచ్చిన చుట్టాలు ఇటుకలు చూసి అయ్యో అన్నారు. నాన్న రోజూ పొద్దున్నే గోడ మీద చెయ్యేసి చూస్తున్నారు. అమ్మ మంచం ఇంకా మేడ మీదే.