సంచీలో టైంపీసు

కలాయి పూసేవాడు, పంక్చర్ వేసేవాడు, తాళంచెవి చేసేవాడు, గడియారం బాగుచేసేవాడు - మీ బస్తీలో వీళ్లంతా ఎక్కువగా సాయిబులే ఎందుకున్నారో ఎప్పుడైనా ఆలోచించారా? పాడైనవన్నీ మా దగ్గరికే పంపుతారు. పాడుచేసేది మాత్రం మేమే అంటారు. మరమ్మతు అన్న మాట కూడా మా ఉర్దూ నుంచే మీకొచ్చింది.

మా చిచ్చాది దిల్‌సుఖ్‌నగర్‌లో చిన్న డబ్బాకొట్టు. పాత గోడగడియారాలు, కీ ఇచ్చే టైంపీసులు ఆయన లోకం. "కాస్త నూనె పోస్తే చాలు కదా" అనే గిరాకీ అంటే ఒళ్లుమంట. పాత నూనె దుమ్ముతో కలిసి సానపొడిలా పనిచేస్తుంది. ఇరుసు తిరిగే చిల్లు కోలగా అరిగిపోతుంది. అన్నీ విప్పి, కడిగి, ఆరబెట్టి, అరిగిన చిల్లుకి ఇత్తడి బుష్ బిగించి, అప్పుడు ఒక్కో ఇరుసుకీ ఒక్క చుక్క. డయల్ మీది మరకని మాత్రం ముట్టుకోడు. రుద్దితే అంకెలే పోతాయి. "ఉమర్ హై ఉస్‌కీ, రహనే దో" అంటాడు. లోలకం ఆడుతుంటే కళ్లు మూసుకుని చెవి పెడతాడు. టిక్కుకీ టక్కుకీ మధ్య ఎడం సమానంగా లేకపోతే, స్ప్రింగ్ ఎంత గట్టిదైనా ఆ గడియారం ఆగిపోతుంది.

2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు బాంబులు పేలాయి. పోయినవాళ్లు రోడ్డు మీది మామూలు జనం. ఆ రాత్రి చిచ్చా అన్నం ముట్టలేదు. మూడోరోజు పక్కకొట్టాయన, ఏళ్లతరబడి కలిసి చాయ్ తాగినవాడు, "ఆ చక్రాలూ స్ప్రింగులూ కాస్త లోపల పెట్టుకో భాయ్" అన్నాడు. మంచికే చెప్పాడు. అదే నన్ను ఎక్కువ గుచ్చింది.

అప్పట్నించీ ఎల్‌.బి.నగర్‌లో గిరాకీకి టైంపీసు ఇవ్వాల్సొస్తే, కీ పూర్తిగా దిగిపోనిచ్చి సంచీలో పెట్టుకుంటాడు. నాలుగు రోజులు కష్టపడి నడిపించినదాన్ని! బస్సులో సంచీలోంచి టిక్‌టిక్ వినపడకూడదు కదా.

చార్మినార్‌కి నాలుగువైపులా గడియారాలు పెట్టింది 1889లో. వాటికింద ఫొటోలు దిగుతారు. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంటగంటకీ బయటికొచ్చి గంట కొట్టే గడ్డపు బొమ్మ కోసం జనం విరగబడతారు. ఆ గడ్డం ముద్దొస్తుంది. సిటీబస్సులో సంచీ పట్టుకున్న గడ్డమే భయపెడుతుంది.

2018లో ఎల్‌.బి.నగర్‌కి మెట్రో వచ్చింది. సంచీలన్నీ మిషన్‌లోకి పోతాయి. చిచ్చాకి అది నచ్చింది. "సబ్‌కే థైలే జాతే నా, అచ్ఛాచ్ హై" అన్నాడు. అయినా టైంపీసుకి కీ మాత్రం గిరాకీ ఇంటికెళ్లాకే ఇస్తాడు.