వేటకు ముందు... ఒళ్లు వంచాల్సిందే!

తెల్లవారుజామున విశాఖ ఆర్కే బీచ్ చూడముచ్చటగా ఉంటుంది. కాసేపు వాహనాలను ఆపేయడంతో రోడ్డంతా నడిచేవాళ్లదే, పరిగెత్తేవాళ్లదే. షుగరువాళ్లు, మోకాళ్ల నొప్పులవాళ్లు, సైన్యంలో చేరాలనుకునే కుర్రాళ్లు... ఎవరి చెమట వారిది.

అక్కణ్నుంచి దక్షిణంగా కాస్త దూరం వెళితే ఫిషింగ్ హార్బర్. జూన్ మొదటివారంలో అక్కడా ఒళ్లు వంచే కార్యక్రమమే నడుస్తుంటుంది. కాకపోతే అక్కడ ట్రాక్ సూట్లుండవు. లుంగీ ఎగ్గట్టి బోటు అడుగున పట్టిన నాచునీ గుల్లల్నీ గీకేవాళ్లు, రంగులేసేవాళ్లు, ఇంజను విప్పి నూనెలో చేతులు ముంచినవాళ్లు కనిపిస్తారు. జూన్ 14 అర్ధరాత్రి దాటగానే మళ్లీ సముద్రంలోకి వెళ్లాలి మరి!

చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ 15 నుంచి తూర్పుతీరంలో మరబోట్లు, మోటారు పడవల వేటను నిషేధిస్తారు. ఒకప్పుడు 47 రోజులుండే ఈ విరామం 2015 నుంచి 61 రోజులైంది. చేపలకిది మంచిదే. రెండు నెలలు జేబు ఖాళీగా ఉంటుందని ప్రభుత్వం భృతి ఇస్తోంది. 2019లో పదివేలకు పెంచిన ఆ మొత్తం 2025లో ఇరవై వేలైంది. కానీ రెండు నెలలు సముద్రానికి దూరమైన ఒంటి సంగతేమిటి?

ముందుగా మెత్తబడేవి అరచేతులు. ఏళ్ల తరబడి తాడు లాగితే చేతికి కాయలు కాస్తాయి. ఆ కాయే కళాసీకి కవచం. పని తగ్గితే చర్మం మళ్లీ పలచబడుతుంది. సీజన్ మొదటి వేటలో తడి తాడు, ఉప్పునీళ్లు కలిసి అరచేతుల్ని బొబ్బలెక్కిస్తాయి. విరామంలో వలలు బాగుచేసే పని ఉంటుంది నిజమే. అది వేళ్లకు పని. చెట్టునీడన కూర్చుని కండె ఆడిస్తే భుజాలకూ నడుముకూ ఒరిగేదేమీ లేదు.

ఆ తర్వాత కాళ్లు. ఊగే బోటు మీద నిలబడటమే ఒక వ్యాయామం. మోకాళ్లు, నడుము క్షణం తీరిక లేకుండా సర్దుకుంటూనే ఉండాలి. నేలమీద ఉన్నన్నాళ్లూ ఆ అలవాటు తప్పుతుంది. పాతికేళ్ల అనుభవమున్న సరంగుకైనా మొదటి రోజు కడుపులో తిప్పడం వింతేమీ కాదు. పైగా ఒకసారి వెళ్లిన మరబోటు రెండు వారాల దాకా తిరిగిరాదు. వించి ఉన్నా, ట్రాలు వలను కొన్ని గంటలకోసారి పగలూ రాత్రీ పైకి తీయాల్సిందే. చేపల్ని ఏరాలి, ఐసులో సర్దాలి. నిద్రంతా కునికిపాట్లే.

ఇంకో తిరకాసుంది. వేట మొదలయ్యేదీ, నైరుతి రుతుపవనాలొచ్చేదీ ఒకే సమయంలో! పెదజలారిపేట లాంటి చోట్ల ఫైబరు తెప్పల్ని ఇసుకలోంచి భుజాలతో తోసి, అలలు విరిగిపడే చోటు దాటించాలి. అందరూ ఒక్క ఊపులో తోయకపోతే అల దాన్ని అడ్డం తిప్పేస్తుంది. తెరచాపలు, తెడ్లు ఉన్నరోజుల్లో ఆ బలం రోజువారీ పనిలోనే వచ్చేది. మోటార్లు వచ్చాక తెడ్డు పని తగ్గింది కానీ, కెరటం మాత్రం మారలేదు.

అందుకే చివరి పదిరోజుల పనినే కసరత్తు అనుకోవాలి. స్లిప్‌వే మీద బోట్లను లాగడం, వలల మూటలు మోయడం, డీజిలు, మంచినీళ్లు, బియ్యం ఎక్కించడం... అన్నిటికన్నా బరువైంది ఐసు. విరామంలో కూలిపనులకు వెళ్లి మూటలు మోసినవాళ్లకు ఈ పని కాస్త తేలిక. ఇంట్లోనే గడిపినవాళ్లకు రెండోరోజే నడుం పట్టేస్తుంది. ఎవరు ఏ కోవలోకి వస్తారో సరంగు కళ్లకు తెలిసిపోతూనే ఉంటుంది.

2023 నవంబరులో ఇదే హార్బర్‌లో అగ్నిప్రమాదం జరిగి దాదాపు 40 బోట్లు కాలిపోయాయి. బోటు పోతే మళ్లీ కట్టించుకోవడానికి అప్పయినా దొరుకుతుంది. నడుం విరిగితే ఆ ఇంటికి దొరికే అప్పు కూడా ఉండదు.

సముద్రానికి ఒంటిని సిద్ధం చేయడమెలాగో తెలిసిన మరో విశాఖవాసి లెఫ్టినెంట్ కమాండర్ పి.స్వాతి. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ఐఎన్‌ఎస్‌వీ తారిణిలో ప్రపంచయాత్రకు బయల్దేరిన ఆరుగురు నౌకాదళ మహిళల్లో ఆమె ఒకరు. హైదరాబాదు అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య మరొకరు. సుమారు 55 అడుగుల తెరచాప పడవ అది. 2018 మే 21న తిరిగొచ్చేసరికి వాళ్లు 21,600 నాటికల్ మైళ్లు చుట్టేశారు. తెరచాపలు ఎత్తడం, దించడం, తాళ్లు బిగించడం అంతా చేతులతోనే. దక్షిణ మహాసముద్రంలో గంటకు వంద కిలోమీటర్లు దాటిన గాలుల్లోనూ అంతే. ఆ ప్రయాణం కోసం కెప్టెన్ దిలీప్ దోందే దగ్గర ఏళ్ల తరబడి సాధన చేశారు. ముందు మాదేయి అనే పాత పడవలో తిరిగారు. 2016 ఫిబ్రవరిలో విశాఖలో అంతర్జాతీయ నౌకా సమీక్ష జరిగినప్పుడు ఆ పడవ ఇక్కడికీ వచ్చింది. ఆ సాధనకు శిక్షకులున్నారు, డాక్టర్లున్నారు. హార్బర్‌లోని కళాసీకి ఉన్నదల్లా గంగమ్మ తల్లి, ఐసు దిమ్మ.

జూన్ 14 సాయంత్రం కొబ్బరికాయలు కొడతారు. బోట్లకు పసుపు, కుంకుమ, పూలదండలు. పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారా అని ఒకటికి రెండుసార్లు ఆరా తీస్తారు. ఇంటి ఆడవాళ్లు అన్నం మూటలు అందిస్తూ, ‘మెల్లగా లాగయ్యా, మొదటి రోజే కదా’ అని హెచ్చరిస్తారు. రెండు నెలలుగా ఎండుచేపలతోనే సరిపెట్టుకున్న ఇళ్లవి. అర్ధరాత్రి దాటాక ఒక్కో ఇంజనూ గుర్రుమంటుంది. డాల్ఫిన్స్ నోస్ మీది దీపం తిరుగుతుండగా, తొలి బోటు కాలువలోంచి బయటి నీళ్లలోకి జారి మొదటి అలకే ముక్కు పైకెత్తుతుంది. పైన నిలబడినవాళ్లు అలవాటుకొద్దీ మోకాళ్లు వంచుతారు.