ఆదోనిలో ఫ్రెంచి కవాతు!

ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి బస్సులో సుమారు ముప్పై కిలోమీటర్లు. దారి పొడవునా పత్తి, వేరుశనగ చేలు. ఊరు దగ్గరపడేసరికి గుండ్లను ఎవరో తీరిగ్గా పేర్చినట్టుండే కొండలు ఎదురవుతాయి. వాటి మీద శిథిలమైన కోట గోడలు. పత్తి వ్యాపారంతో ‘రెండో ముంబయి’గా పేరుపొందిన ఈ ఊళ్లో రెండున్నర శతాబ్దాల కిందట ఫ్రెంచి సేనానుల కింద ఒక పటాలం ఉండేదంటే ఆశ్చర్యమే. అది చేతులు మారిన తీరు దక్షిణాదిలో ఓ పెద్ద యుద్ధానికి దారితీసిన కారణాల్లో ఒకటైంది!

అప్పట్లో సీమలో సైనికులు రెండు రకాలు. పాలెగాళ్లు ఇచ్చిన మాన్యం దున్నుకుంటూ, పిలుపు వస్తే కత్తి పట్టే కట్టుబడి బంట్లు ఒకరు. నెల జీతానికి తుపాకీ పట్టేవారు మరొకరు. ఎక్కడో ఉన్న స్వీడన్‌లోనూ ఆ రోజుల్లో ఇలాంటి తేడాయే ఉండేది. కొన్ని రెజిమెంట్ల సిపాయిలను పల్లెల్లో రైతులు కలిసి ఇల్లూ పొలమూ ఇచ్చి పోషించేవారు. మరికొన్నింటిలోకి డబ్బిచ్చి చేర్చుకునేవారు. ఆదోని పటాలం ఈ రెండో కోవకు చెందింది.

ఆదోని అప్పుడు బసాలత్ జంగ్ జాగీరు. హైదరాబాద్ నిజాం అలీకి ఆయన సోదరుడు. 1761లో పుదుచ్చేరి ఆంగ్లేయుల వశం కావడంతో కొలువు పోయిన ఫ్రెంచి సైనికులు ఎందరో దేశీయ ప్రభువుల దగ్గర చేరారు. బసాలత్ జంగ్ కొలువులోని ఫ్రెంచి దండుకు నాయకుడు లాలీ. ఐరోపా సైనికులతోపాటు వారి పద్ధతిలో తర్ఫీదు పొందిన సిపాయిలూ అందులో ఉండేవారు. గుంటూరు సర్కారు కూడా బసాలత్ జంగ్‌దే. అక్కడి మోటుపల్లి రేవు ఫ్రెంచివారి రాకపోకలకు అక్కరకొచ్చేది.

1775లో బళ్లారి పాలెగాడు ఎదురుతిరిగాడు. లాలీ దండు వెళ్లి కోటను ముట్టడించింది. పాలెగాడు హైదర్ అలీకి కబురంపాడు. శ్రీరంగపట్నం నుంచి హైదర్ మెరుపులా వచ్చిపడ్డాడు. లాలీ బతుకుజీవుడా అంటూ తప్పించుకున్నాడు.

అసలు కథ 1779లో మొదలైంది. ఫ్రెంచి దండు తమ పొరుగున ఉండటం మద్రాసులోని ఆంగ్లేయులకు కంటగింపైంది. వారిని పంపేసి గుంటూరు తమకు కౌలుకిస్తే రక్షణకు సైన్యం పంపుతామన్నారు. హైదర్ భయంతో ఉన్న బసాలత్ జంగ్ సరేనన్నాడు. కానీ ఆదోనికి బయలుదేరిన కంపెనీ సేనను హైదర్ తన సీమలోంచి పోనివ్వలేదు. నిజాంకూ కోపం వచ్చింది. ఉన్న పటాలం పోయింది, వస్తుందన్న పటాలం రాలేదు!

లాలీ మాత్రం ఖాళీగా లేడు. బళ్లారి దగ్గర తనను తరిమిన హైదర్ కొలువులోనే చేరాడు. 1780 సెప్టెంబరు 10న కంచి సమీపంలోని పొల్లిలూరులో కంపెనీ సేన మట్టికరిచినప్పుడు హైదర్ పక్షాన అతనూ ఉన్నాడు. శ్రీరంగపట్నంలోని దరియా దౌలత్ గోడ మీద ఆ యుద్ధ చిత్రంలో దుర్భిణితో కనిపించేది లాలీయే.

1782లో బసాలత్ జంగ్ కన్నుమూశాడు. నాలుగేళ్లకు టిపు సుల్తాన్ ఆదోనిని ముట్టడించాడు. కోటలో ఉన్నది బసాలత్ జంగ్ కొడుకు మహబత్ జంగ్. దాడులను తట్టుకున్నాడు. నిజాం, మరాఠా సేనలు సాయానికొచ్చాయి. అయితే వానాకాలం ముంచుకొస్తోంది. ఎమ్మిగనూరుకు ఉత్తరాన పారే తుంగభద్ర పొంగితే వెనక్కి వెళ్లే దారుండదు. కుటుంబాన్ని వెంటబెట్టుకుని అంతా నది దాటేశారు. ఖాళీ అయిన కోటను టిపు స్వాధీనం చేసుకుని గోడలు పడగొట్టించాడు. ఇప్పుడు కొండ మీద మిగిలింది ఆ శిథిలాలే.

ఉదయాన్నే ఉగ్గాని, బజ్జీ తిని బయలుదేరితే ఎండ ముదిరేలోగా చాలావరకు చూడొచ్చు. సిద్ది మసూద్ ఖాన్ 17వ శతాబ్దంలో కట్టించిన జామియా మసీదు, ఆంజనేయస్వామి కొలువైన రణమండల కొండ, ఊరి పడమట బసాలత్ జంగ్ సమాధి చూడదగ్గవి. గుంతకల్లు - రాయచూరు రైలు మార్గంలో ఆదోనికి స్టేషన్ ఉంది.

లాలీ పేరు చరిత్రకెక్కింది, బొమ్మ గోడకెక్కింది. అతని వెనక కవాతు చేసిన సిపాయిల్లో ఎందరు అతనితో వెళ్లారో, ఎందరు ఈ నల్లరేగడి మీదే మిగిలిపోయారో చెప్పడానికి మాత్రం ఈ కొండల మీద ఒక్క రాయీ లేదు.