ఎన్ని ట్యాంకర్లు పడ్తయి వదినె?

గోడ అవతలి వదినె వాళ్ల అల్లుడు నార్కట్‌పల్లి దిక్కున్న పొలంలో ఈతకొలను కట్టిస్తున్నాడు. మా కాలంలో నల్గొండ జిల్లా పిల్లలకు ఈత అంటే పొలం బాయే. నడుముకు సొరకాయ బుర్ర కట్టి పైనుంచి తోసేవాళ్లు, వాడే తేలి వచ్చేవాడు. ఇప్పుడు ఆ బాయిల్లో తుమ్మ చెట్లు మొలిచినయి, ఈత నీలిరంగు పెంకుల్లోకి పోయింది. పోనీ, మంచిదే. పాములుండవు.

మొన్న పొద్దున వదినె గోడ మీద మోచేతులు ఆనించి మొదలుపెట్టింది. "ముప్పై అడుగుల పొడుగు, పదిహేను వెడల్పు, అయిదు లోతు. పదమూడు ట్యాంకర్ల నీళ్లు కావాలంటున్నడు మేస్త్రి. నిజమేనా వదినె?"

"అయిదడుగులు అంతటా ఉందా, ఒక్క కొసకేనా?"

"పిల్లలు దిగేకాడ మూడే."

"మరి అయిదుకెట్ల లెక్క కట్టిండు?"

బొగ్గుముక్క తెచ్చి గోడ మీదే గీశాను. ఒక కొసకు 3, ఇంకో కొసకు 5, నేల ఒకే వాలుగా దిగితే సగటు లోతు 4. అంతటితో అయిపోలేదు. అంచు దాకా ఎవరూ నింపరు, కనీసం అరడుగు వదులుతారు. అంటే నీళ్ల లోతు మూడున్నరే. 30 ఇంటూ 15 ఇంటూ మూడున్నర, 1,575 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు 28.3 లీటర్లు. మొత్తం 44,500 పైచిలుకు. 5,000 లీటర్ల ట్యాంకర్లు తొమ్మిది చాలు. నాలుగు ట్యాంకర్లు మేస్త్రి నోట్లోనే పుట్టినయి.

"ఆ అరడుగు కూడా లెక్కేనా?" అని నవ్వింది. ఆ అరడుగే 6,300 పైచిలుకు లీటర్లు, ట్యాంకరు కంటె ఎక్కువ. పొడుగు, వెడల్పు టేపు పట్టి ఎవరైనా కొలుస్తారు, అందులో అబద్ధం నిలవదు. మోసపోయేది లోతు దగ్గరే. ఇంకొక మాట, సగం దూరం సమంగా ఉండి అక్కణ్ణుంచి దబ్బున లోతైతే ఈ సగటు పనికిరాదు. రెండు ముక్కలుగా విడగొట్టి కలపాలె.

నాకీ లెక్కలు హెల్త్ డిపార్టుమెంటులో అబ్బినయి. వానాకాలం రాగానే ఊళ్లల్లో చేదబావులకు బ్లీచింగ్ పౌడర్ వేసేవాళ్లం. తాడుకు రాయి కట్టి అడుగు తగిలేదాక దించి, పైకి లాగి, తడిసినంత మేర మూరలతో కాదు, టేపుతో కొలిచేది. తడిసిన తాడే నీళ్ల లోతు. పది అడుగుల అడ్డం ఉన్న గుండ్రటి బావిలో అడుగు లోతుకు 2,200 లీటర్లు. అలా పన్నెండడుగుల నీళ్లుంటే 26,600 దాక. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల పౌడర్ అని మాకు నేర్పారు, మొత్తం 67 గ్రాములు. కళ్లతో అంచనా కట్టి దోసెడు చల్లినవాళ్లూ ఉన్నారు. ఆ వారం ఆ బావి నీళ్లు నోట్లో పెట్టలేకపోయేవాళ్లం.

కొలనుకూ ఇదే. క్లోరిన్ లీటరుకు మిల్లీగ్రాముల్లో లెక్క. మేస్త్రి లెక్కన 64 వేల లీటర్లని నమ్మి మందు వేస్తే, ఉన్న 44 వేలల్లో దాదాపు ఒకటిన్నర రెట్ల ఘాటు పడుతుంది. పిల్లల కళ్లు చింతనిప్పుల్లా అవుతాయి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును అడుక్కి దింపే పద్ధతి ఉంది కదా, నాగపూర్ నీరి సంస్థ తయారుచేసింది, లోకమంతా 'నల్గొండ టెక్నిక్' అనే పిలుస్తుంది. అందులోనూ మందు తూచే ముందు అడిగేది నీళ్లెన్ని అనే. మన ఊరిపేరు పెట్టుకున్న విద్య మనకే రాకపోతే ఎట్ల?

"సాగర్‌కు కూడా ఇట్లనే లెక్క తీస్తరా?" అంది వదినె.

తీస్తారు, తప్పులు కూడా అట్లనే బయటపడతాయి. కట్టినప్పుడు నాగార్జునసాగర్‌లో 408 టీఎంసీలు పడతాయన్నారు. ఇప్పుడు అదే 590 అడుగుల మట్టానికి పేపర్లో 312 అని వేస్తున్నారు. పైన గీత మారలేదు, కింద పూడిక పెరిగింది. పోయిన 96 టీఎంసీలంటే, పాలమూరు జూరాల ప్రాజెక్టు ఇప్పటి సామర్థ్యం 9.66 టీఎంసీలు కాబట్టి, పది జూరాలలంత. ఒక్క టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, 2,830 కోట్ల లీటర్లు. వదినె బొగ్గుతో సున్నాలు పెట్టబోయి మధ్యలో వదిలేసింది.

"అవన్నీ నాకెందుకు, ట్యాంకరోడు అయిదువేలు తెచ్చిండో లేదో ఎట్ల తెల్వాలె?"

అదీ అసలు ప్రశ్న. మొదటి ట్యాంకర్లు లోతున్న కొసకే పోతాయి కాబట్టి వాటితో తేలదు. నేలంతా మునిగినాక, ట్యాంకరు పోయక ముందు పెంకు మీద ఒక గీత, పోసినాక ఒక గీత. ఈ కొలనుకు 5,000 లీటర్లు పోస్తే నాలుగున్నర దాటి అయిదంగుళాల లోపు లేవాలె. మూడంగుళాలే లేచిందా, వచ్చినవి 3,200 లీటర్లు.

"అయితే ఆదివారం నువ్వే రా వదినె. వాని ముంగట నేను గీతలు పెడ్తే కొట్లాట అయితది, నువ్వైతే సిస్టరమ్మవు."